అదిగో కాకి

ఊర్మికి అన్నం పెట్టాలంటే కాకి ఉండాలి.

కాకి లేని రోజు పిల్లి. పిల్లీ లేకపోతే ఎదురు డాబా మీద ఆరేసిన ఎర్ర దుప్పటి. "అదిగో కాకి" అని తల్లి కుముద వేలు చూపిస్తే ఊర్మి తల అటు తిరుగుతుంది, నోరు దానంతటదే తెరుచుకుంటుంది, పప్పన్నం ముద్ద లోపలికి వెళ్ళిపోతుంది. నడక రాని పిల్లలకి లోకమంతా చేసే పనే. చిక్కల్లా ఊర్మికి తొమ్మిదేళ్ళు. కంచం ముందు పెట్టి వదిలేస్తే మొదటి ముద్ద కలిపి చేత్తో పట్టుకుని, ఆ చెయ్యి ఎండిపోయేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది.

"ఏటి చూస్తన్నావే గుంటా?" అంటుంది మామ్మ. ఊర్మి నాన్నకి తల్లి ఆవిడ.

"కాకి ఒక కన్నుతో చూస్తుందా మామ్మా, రెండు కళ్ళతోనా?"

"అది పెద్ద కథే..." అని మామ్మ అందుకుంటుంది. ఆ కథ కాకి దగ్గర బయల్దేరి, తన పెళ్ళిబస్సులో తప్పిపోయిన సన్నాయి మీదుగా, ఆ ఏడు కురిసిన వడగళ్ళవాన దాకా వెళ్ళి, ఆ వానకి కరిగిపోయిన బెల్లం దిమ్మల దగ్గర ఇంకేదో గుర్తొచ్చి ఆగిపోతుంది. కాకి కళ్ళ సంగతి ఇద్దరూ మర్చిపోతారు. ఊర్మి బుర్రలో ఏదో లోపం ఉందని అనుకోని మనిషి ఆ ఇంట్లో మామ్మ ఒక్కతే. తన బుర్రా అదే కంపెనీది కాబట్టి.

బడివాళ్ళు అలా అనుకోలేదు. నాలుగో తరగతికొచ్చినా ఊర్మి వాక్యం మొదట్లో బయల్దేరితే చివరికి చేరేది కాదు. "అక్షరాలు నిలబడవు పిన్నీ," అని హైమతో చెప్పింది. "నేను చూస్తూంటే పక్కకి జరుగుతాయి. నాకూ వాటి వెనకాలే వెళ్ళాలనిపిస్తుంది." డాక్టరు దానికి పొడుగాటి ఇంగ్లీషు పేరు పెట్టాడు. టీచరు పొట్టి తెలుగు పేరు పెట్టింది: పరధ్యానం. ఇలాగే ఉంటే పై తరగతికి పంపం, ఇలాంటి పిల్లలకి వైజాగులో వేరే బడులుంటాయి, చూసుకోండి అని కూడా చెప్పేసింది.

హైమ కుముద చెల్లెలు. ఎమ్‌టెక్ చదివి భీమిలి దగ్గర ఒక ల్యాబులో పాచి పెంచుతుంది. ఈ సంగతి మామ్మకి ఎప్పటికీ మింగుడుపడలేదు.

"మా నూతిగట్టు మీద బోల్డు పాచి ఉంది. గోకవే అంటే పనిమనిషి గోకనంటాది. నీకు దానికి జీతం కూడానా?"

"మాది సముద్రం పాచి మామ్మా. దాని హోదా వేరు."

ఆ ఆదివారం హైమ అనకాపల్లి వచ్చింది. ముందు ఇత్తడి సామాన్ల కొట్టు, వెనక ఇల్లు. వంటింటి గట్టు మీద ఒక గోధుమరంగు సీసా పెట్టి అక్కని కూర్చోబెట్టింది.

"మెదడులో నీళ్ళు పక్కన పెడితే మిగిలినదాంట్లో సగానికి పైన కొవ్వే అక్కా."

"మీ బావకి అదంతా బొజ్జలోకి దిగిపోయినట్టుంది."

"వినవే. మెదడులో ఒక్కో కణం చుట్టూ పల్చటి కొవ్వుపొర ఉంటుంది. కబుర్లన్నీ ఆ పొర దాటే వెళ్ళాలి. మీ అమ్మాయిలాంటి పిల్లలకి ఆ పొరలో ఏదో తక్కువైందేమోనని ఒక అనుమానం. చేపనూనె మాత్రలిచ్చి చూశారు చాలామంది. కొందరికి కాస్త నయం, ఎక్కువమందికి ఏమీ లేదు. మా పాచి తీసే నూనెలో అంతకంటే పొడుగాటి కొవ్వుంది. నేరుగా వెళ్ళి ఆ పొరలో కూర్చుంటుంది."

కుముద సీసా మీంచి చెయ్యి వెనక్కి తీసుకుంది. "చేపనూనె అంటన్నావా? మనింట్లోనా?"

"చేప కాదు తల్లీ. చేప తినే పాచి. చేపకంటే ముందు మనం తినేస్తున్నాం, అంతే."

"చేప ఎంగిలి పడకముందే అన్నమాట," అంది మామ్మ తీర్పు చెబుతూ. "అయితే పర్లేదు. పెట్టీ."

సీసా మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: చల్లారిన అన్నంలో కలిపి పెట్టాలి.

*

భీమిలి ల్యాబంటే సముద్రానికి ఎదురుగా పెద్ద రేకుల షెడ్డు. లోపల నిలువెత్తు గాజుగొట్టాలు, గొట్టాల నిండా బుడగలు తేలే ఆకుపచ్చ నీళ్ళు. దాని పెద్ద పరాంకుశం గారు. తలకాయ కదపకుండా చెవులు రెండూ విడివిడిగా కదిలించగలరు. ప్రయోగంలో చేరిన పిల్లల దగ్గర రక్తం తీసేటప్పుడు ఎదురుగా కూర్చుని కుడి చెవి, ఎడమ చెవి, మళ్ళీ కుడి చెవి ఆడిస్తారు. సూది దిగిన సంగతి పిల్లలకి తెలియదు. ల్యాబులో ఉన్న పరికరాలన్నింటిలోకీ నమ్మకమైనవి ఆ చెవులేనని హైమ అంటూండేది.

పిల్లలు దాదాపు అందరూ ఒడ్డునున్న మత్స్యకారుల కాలనీవాళ్ళు. అక్క కూతుర్ని చేర్చుకోమని అడిగితే పరాంకుశం గారు చాలాసేపు గడ్డం గోక్కున్నారు. "సొంతవాళ్ళని కలపకూడదమ్మా. మన కళ్ళు మనకే అబద్ధం చెబుతాయి," అన్నారు. చివరికి ఊర్మి రక్తపరీక్షలు హైమ ముట్టుకోకూడదన్న షరతు మీద ఒప్పుకున్నారు.

వానలు తగ్గేసరికి మొదటి ఫలితాలొచ్చాయి. పిల్లల్లో కొద్దిపాటి మార్పుంది. బడి గంట కొట్టేదాకా బెంచీ మీద కూర్చుంటున్నారు, అంతే. ఊర్మి మాత్రం తెలుగువాచకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేసి, అట్ట వెనక ప్రెస్సువాళ్ళ చిరునామా కూడా చదివింది.

పరాంకుశం గారే హైమని పిలిచి స్క్రీన్ చూపించారు. రక్తకణాల పొరల్లో ఉన్న ఒక్కో కొవ్వూ గ్రాఫు మీద ఒక్కో కొండలా లేస్తుంది. మెదడు పొరల సంగతి దాన్నిబట్టే అంచనా కడతారు. కొత్త కొవ్వుకి అందరు పిల్లలకీ ఒక కొండ ఉంది. ఊర్మికి ఆ కొండ పక్కన ఇంకో కొండ, దానికంటే ఎత్తు.

"ఇది మనం ఇచ్చింది కాదు," అన్నారాయన. "మీ అక్క ఆ పిల్లకి ఏం పెడుతోందో వెళ్ళి చూడు. అడక్కు. చూడు."

హైమ వెళ్ళి వంటింటి గుమ్మంలో కూర్చుని చూసింది. కుముద ఊర్మి కంచంలో అన్నం, పప్పు కలిపి, చల్లారనిచ్చింది. ఆ తర్వాత పోపు గరిటె పొయ్యి మీద పెట్టి, నెయ్యి వేసి, ఆవాలు చిటపటలాడాక ఇంగువ వేసి, గోధుమరంగు సీసాలోంచి చెంచాడు నూనె అందులోకి వంపింది. చుయ్యిమంది. దాన్ని తెచ్చి కంచంలో పోసింది.

హైమ సీసాకేసి, పోపు గరిటెకేసి మార్చి మార్చి చూసింది.

"ఏటే అలా చూస్తావు? నీచు కంపు కొడతంది మీ పాచి. పిల్ల వాంతి చేసుకుంది మొదటిరోజు. ఇంగువ పోపులో వేస్తే ఏ కంపైనా పోద్ది."

"వేడి చెయ్యకూడదని రాశాం కదక్కా."

"ఎక్కడ రాశారు? చల్లారిన అన్నంలో కలపమన్నారు. అన్నం చల్లారిందా లేదా, ముట్టుకుని చూడు."

కాలనీ ఇళ్ళల్లో నీచు వాసన ఎవరికీ పట్టలేదు. చేపల పులుసన్నంలో కలిపితే వాళ్ళ పిల్లలకి తేడా కూడా తెలియలేదు. ప్రయోగం మొత్తంలో ఇంగువ అవసరం పడిన ఇల్లు ఇదొక్కటే.

మర్నాడు ల్యాబుకి ఇంగువ డబ్బా, పోపు గరిటె వచ్చాయి. షెడ్డంతా పులిహోర వాసన. సంగతి తొందరగానే తేలింది. నూనె కాగినప్పుడు ఆ పొడుగాటి కొవ్వు అక్కడక్కడ విచ్చుకుంటోంది. విచ్చుకున్న చోట ఇంగువలో ఉండే గంధకం వచ్చి కొక్కెంలా పట్టుకుంటోంది. అలా కొక్కేలు మొలిచిన కొవ్వు మెదడు కణాల పొరలోకి వెళ్తే గట్టిగా పాతుకుపోతోంది.

"బయటికి రావట్లేదు చూడు," అన్నారు పరాంకుశం గారు గ్రాఫు మీద వేలు పెట్టి, మనవడి నడక చూస్తున్న తాతలాగా. "ఇంక జీవితాంతం తాగక్కర్లేదమ్మా. కొన్నాళ్ళు వేస్తే చాలు. బీద పిల్లలకి ఇంతకంటే ఏం కావాలి?" కాలనీ పిల్లలందరికీ రెండో విడతలో పోపు నూనే ఇవ్వాలని ఆ సాయంత్రమే పెద్ద ట్యాంకు సిద్ధం చెయ్యమన్నారు.

హైమ అక్కకి ఫోన్ చేసి, "నీ పోపుకి పేటెంటు వస్తుందే," అంది.

"డబ్బులొస్తే ముందు నాకో మిక్సీ కొను," అంది కుముద.

*

దీపావళికల్లా ఊర్మి మామ్మకి వారపత్రిక చదివి వినిపించడం మొదలుపెట్టింది. మామ్మ కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, కాళ్ళు చాపుకుని వినేది. మధ్యలో ఆవిడకి ఏదో గుర్తొచ్చేది.

"ఈ కథలో గుర్రపుబండి అంటే నాకు జ్ఞాపకం వచ్చింది. మా నాన్న..."

"ఆగు మామ్మా. పేరా అవ్వనీ."

"పేరా ఎక్కడికీ పోదే. నా మాటే పోద్ది."

పేరా అయ్యేది. మామ్మ మాట నిజంగానే పోయేది. ఊర్మి తర్వాతి పేరా అందుకునేది.

కంచంలో అన్నం తనే తింటోంది. మెతుకు మిగల్చకుండా, పక్కకి చూడకుండా. కుముదకి మధ్యాహ్నాలు ఒక్కసారిగా ఖాళీ అయిపోయాయి. ఒకరోజు ఊరికే, చేతులు ఊరుకోక, "అదిగో కాకి" అంది. ఊర్మి తల ఎత్తలేదు. మళ్ళీ అంది. ముద్ద నమిలి మింగాక, "విన్నానమ్మా," అంది ఊర్మి. కుముద నవ్వి లేచిపోయింది. ఆ సాయంత్రం ఫోన్లో చెల్లెలికి ఈ ముక్క చెప్పి, "అన్నీ బానే ఉన్నాయిలే. నాకే ఏదోలా ఉంది. మంచి జరిగితే ఏడుపొస్తదేటే మనకి?" అని తనే వెక్కిరించుకుంది.

హైమ కూడా నవ్వింది. ఆ ముక్క ల్యాబులో ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన ముక్కని అప్పుడు అనిపించలేదు.

మాఘంలో ఒక మధ్యాహ్నం బావ సరుకు కోసం రాజమండ్రి వెళ్ళాడు. కుముద కొట్లో కూర్చుంది. ఊర్మి నడవాలో లెక్కలు చేసుకుంటోంది. మామ్మ పెరట్లో నూతిగట్టు దగ్గర వడియాలు తిరగేస్తోంది. కొనడానికొచ్చినవాళ్ళు బిందె అడుగు కొట్టి చూసి, బేరం తెగక వెళ్ళిపోయారు. కుముద మంచినీళ్ళకని లోపలికి వచ్చింది.

మామ్మ నూతిగట్టుకి ఆనుకుని పడి ఉంది. చెయ్యి నడవా వైపు చాచి ఉంది. ఊర్మి గ్లాసుతో నీళ్ళు పట్టుకుని, తొణక్కుండా, జాగ్రత్తగా గుమ్మం దాటుతోంది.

మెదడులో నరం చిట్లిందన్నాడు డాక్టరు. పక్కనే మనిషి ఉన్నా చెయ్యగలిగింది ఏమీ లేదన్నాడు. ఆ మాట అందరూ ఊర్మికి చెప్పారు, ఒకరి తర్వాత ఒకరు. ఊర్మి అందరి మాటా పూర్తిగా విని తలూపింది.

హైమ వచ్చాక మేడమెట్ల మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఏమీ అడగలేదు. ఊర్మే చెప్పింది.

"విన్నాను పిన్నీ. మామ్మ పిలిచింది. ఊర్మీ, నీళ్ళే, అంది. మళ్ళీ పిలిచింది. భాగహారం మధ్యలో ఉంది. వదిలేసి లేద్దామనుకున్నాను. అది నన్ను వదల్లేదు."

ఇత్తడి బిందె ఎండలో వేడెక్కి ఉంటుందని తెలియక చెయ్యి వేసినట్టయింది హైమకి. పిల్ల భుజం చుట్టూ ఉన్న చేతిని ఏం చెయ్యాలో తెలియలేదు.

*

పోయినవాళ్ళింటికి జనం ఏడవడానికి రారు. ఏడుపు మళ్ళించడానికి వస్తారు. హైమకి ఆ సంగతి అప్పటిదాకా తట్టలేదు. వచ్చినవాళ్ళు ముందు కాసేపు ముక్కు చీదుతారు. తర్వాత ట్రైను లేటయిందంటారు. బెల్లం ధర పడిపోయిందంటారు. కాఫీలో పంచదార ఎక్కువైందంటారు. చచ్చిపోయిన మనిషి చుట్టూ మాటలు అలా తిరిగి తిరిగి, ఒక రోజు ఎవరో పెళ్ళిబస్సులో తప్పిపోయిన సన్నాయి సంగతి ఎత్తారు. అది ఆఖరికి మామ్మ తమ్ముడి నెత్తికిందే దొరికిందట, తలగడ అనుకుని పడుకున్నాడట. కుముద ఫక్కున నవ్వేసింది. నవ్వినందుకు ఏడ్చింది. ఏడుస్తూ మళ్ళీ నవ్వింది. ఆ క్షణం నుంచి ఇల్లు కొంచెం ఊపిరి తీసుకుంది.

ఊర్మి నవ్వలేదు. కథ విననందుకు కాదు. విని, అర్థం చేసుకుని, తిరిగి నూతిగట్టు వైపు చూసింది.

శారదానది ఒడ్డున పిండాలు పెట్టిన రోజు కాకి చప్పున వచ్చి ముట్టిందని మగవాళ్ళు సంబరంగా చెప్పుకుంటూ ఇంటికొచ్చారు. "మీ మామ్మకి ఏ దిగులూ లేదమ్మా, వెంటనే తినేసింది," అన్నాడు బావ కూతురితో. ఊర్మి ఆలోచించి, "ఆవిడకి లేదు నాన్నా," అంది.

వారాలు గడిచాయి. రోజూ బడి నుంచి వచ్చాక ఊర్మి ఒక గ్లాసుతో నీళ్ళు తెచ్చుకుని వెనక గుమ్మంలో కూర్చుంటుంది. ఏడవదు. అడిగితే జవాబు చెబుతుంది. లెక్క ఇస్తే చేస్తుంది, చేసినంతసేపూ లెక్కలోనే ఉంటుంది, అయిపోయాక తిన్నగా అక్కడికే వస్తుంది. సినిమాకి తీసుకెళ్ళారు. రుషికొండ సముద్రం చూపించారు. కుక్కపిల్లని తెచ్చారు. కుక్కపిల్లకి వేళకి పాలు పోస్తుంది. పోసి వచ్చి కూర్చుంటుంది. బడివాళ్ళు ఫోన్ చేసి, ఇంత శ్రద్ధ ఉన్న పిల్లని తాము చూడలేదని, పై తరగతిలో మొదటి బెంచీ ఇస్తున్నామని చెప్పారు. కుముద థాంక్సండీ అని ఫోన్ పెట్టేసింది.

నూనె ఆపేసి అప్పటికే చాలా రోజులైంది. ల్యాబులో హైమ షరతులన్నీ పక్కనపెట్టి ఊర్మి గ్రాఫు తనే తీసి చూసింది. మొదటి విడత అయిపోయిన కాలనీ పిల్లల గ్రాఫుల్లో కొండలు కరిగి మట్టిదిబ్బలైపోయాయి. మెదడు పాత పెంకులు తీసి కొత్తవి వేసుకుంటూనే ఉంటుంది కదా. ఊర్మికి మొదటి కొండ పోయింది. రెండోది అలాగే ఉంది. కొవ్వుని కోసే ఎంజైములన్నీ గాజుపలక మీద పోసి చూసింది. కొక్కేలున్న చోట ఒక్కటీ కొరకలేకపోయింది.

"ఇంగువ కట్టిన గుడ్డ," అంది పరాంకుశం గారితో. "ఇంగువ అయిపోయినా గుడ్డ వదలదు కద సార్."

"వయసొచ్చేకొద్దీ..."

"ఏమో. బయటికి రావచ్చు. ఇరవై ఏళ్ళకో, ముప్ఫై ఏళ్ళకో. మనం ధ్యాస పెంచాం అనుకున్నాం. పెంచలేదు సార్. అది పక్కకి మళ్ళే గుణం తీసేశాం."

పరాంకుశం గారు ఒప్పుకోలేదు. చిన్నపిల్ల, పెంచిన మనిషి పోయింది, బెంగ ఉండదా అన్నారు. ఒక్క పిల్లని చూసి రెండో విడత ఎలా ఆపుతాం అన్నారు. కాలనీలో తల్లులు రోజూ వచ్చి అడుగుతున్నారన్నారు. అది నిజమే. ముందురోజే ఒకావిడ కొడుకుని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, "అనకాపల్లి పాపకిచ్చిందే మా వోడికీ పొయ్యండమ్మా," అంది. వాడు ఆ కాసేపట్లోనే గొట్టాల్లో బుడగలు లెక్కపెట్టి, మధ్యలో మర్చిపోయి, పరాంకుశం గారి చెవులు చూసి కిలకిలా నవ్వాడు.

"మీరొకసారి రండి. అడక్కండి. చూడండి," అంది హైమ. ఆయన మాటే ఆయనకి.

ఆయన వచ్చారు. గుమ్మంలో ఊర్మి ఎదురుగా, నూతిగట్టుకి అడ్డంగా, ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నారు. కుడి చెవి కదిపారు. ఎడమ చెవి కదిపారు. రెండూ కలిపి కదిపారు. ఆ సాయంత్రం ఆయన ఇదివరకెప్పుడూ చెయ్యనిది, కనుబొమలు కూడా కలిపి ఆడించారు. నెత్తిన చెమట పట్టింది. ఊర్మి చివరిదాకా మర్యాదగా చూసింది.

"చాలా బాగుంది తాతగారూ," అంది. "కొంచెం పక్కకి జరుగుతారా? నాకు కనబడట్లేదు."

ఆయన పీట తీసుకుని పక్కకి జరిగారు.

తిరుగుప్రయాణంలో కారు ఆనందపురం దాటింది. అప్పుడాయన, కిటికీ వైపే చూస్తూ, "ఆ ట్యాంకు ఖాళీ చేయించమ్మా," అన్నారు. "ఆ తల్లులకి నేనే చెబుతాను. తిడతారు. తిట్టనీ."

*

వేసవి సెలవులకి హైమ అనకాపల్లి వచ్చింది. ఇంక ల్యాబులో తను చెయ్యగలిగింది లేదని కాదు. చేస్తూనే ఉంటుంది, ఆ కొక్కేలు విడదీసేది ఏదో ఒకటి దొరికేదాకా. కానీ అది ఎప్పటికో. ఈలోగా పిల్లకి ఏదో ఒకటి చెప్పాలి కదా.

"ఊర్మీ, నీ తలకాయలో ఒకటి ఇరుక్కుపోయింది. నేను తెచ్చిందే. దాన్ని తీసే మందు కనిపెట్టామనుకో, తీసెయ్యమంటావా?"

"తీసేస్తే అక్షరాలు మళ్ళీ జరుగుతాయా?"

"కొంచెం జరగొచ్చు."

"మామ్మ పిలిచింది మర్చిపోతానా?"

"మర్చిపోవు. మెల్లగా కొంచెం దూరం వెళ్తుంది. అందరికీ అలాగే వెళ్తుంది."

ఊర్మి గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. "అయితే వద్దు పిన్నీ. నేనూ వెళ్ళిపోతే ఆవిడ దగ్గర ఎవరుంటారు?"

హైమ వంటింట్లోకి వెళ్ళి పంపు విప్పి మొహం కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. కుముద వెనకే వచ్చి చీర కొంగు అందించింది.

"నన్ను ఒక్క మాట అనవేంటక్కా నువ్వు?"

"ఏటంటాను? నువ్వు పాచి తెచ్చేవు, నేను పోపెట్టేను. ఇద్దరం కలిసే వండేం." అన్నం గిన్నె మూత తీసి చూసి మళ్ళీ పెట్టింది. "పద, పిల్లకి పెట్టాలి. పొద్దుటి నించీ ఏం తిన్లేదు."

పప్పన్నం కలిపి ఇద్దరూ వెనక గుమ్మంలోకి వచ్చారు. పోపు లేదు. ఆ ఇంట్లో ఇప్పుడు ఇంగువ వాడటం లేదు. ఊర్మి కంచం అందుకుంది, మొదటి ముద్ద కలిపింది, చేత్తో పట్టుకుంది. ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది. ఏడాది కిందట కూర్చున్నట్టే. అప్పుడు చూపు కిటికీలోంచి ఎటెటో పోయేది. ఇప్పుడు ఒక్కచోటికే పోతోంది.

కుముద పక్కన చతికిలబడింది. ఊర్మి చేతిలో ఎండుతున్న ముద్దని మెల్లగా తన చేతిలోకి తీసుకుంది. ఏం చెయ్యాలో తోచక, తెలిసిన ఒక్క మాటా అనేసింది.

"అదిగో కాకి."

హైమ తల తిరిగింది. వెనక అరుగు మీద తాడు చుట్టలు చుడుతున్న బావ తల తిరిగింది. కుముద కూడా చూసింది. నిజంగానే ఉంది. పెరటి గోడ మీద, మెడ పక్కకి వంచి.

ఊర్మి చూపు కదల్లేదు. కానీ చెయ్యి వచ్చి తల్లి మోకాలి మీద పడింది.

"నువ్వు చూడమ్మా," అంది. "చూసి నాకు చెప్పు."

కుముద గోడకేసి చూసింది. "గోడ మీద కూర్చుంది. నల్లగా ఉంది. మెడ దగ్గర మాత్రం బూడిదరంగు."

"ఒక కన్నుతో చూస్తోందా, రెండు కళ్ళతోనా?"

"ఇప్పుడు ఒక కన్నుతో. ఉండు, తల తిప్పింది. ఇప్పుడు రెండోదాంతో. వంతులేసుకున్నట్టుంది." కుముద ముద్ద ముందుకి చాపింది. "అది పెద్ద కథేనే. మీ మామ్మ పెళ్ళిలో బస్సెక్కేరా, సన్నాయాయన బస్సు పైనెక్కేడు. అక్కడ కూడా ఓ కాకి..."

ఊర్మి నోరు తెరుచుకుంది. ముద్ద లోపలికి వెళ్ళింది.

కాకి ఎగిరిపోయింది. గోడ ఖాళీగా ఉంది. హైమ చూసింది, కుముదా చూసింది. ఊర్మి ఎలాగూ అటు చూడదు. కుముద రెండో ముద్ద కలుపుతూ, కాకి ఇంకా అక్కడే ఉన్నట్టు, అది ఏం చేస్తోందో చెబుతూనే ఉంది.